పంపు రైఫిలా, సెమీ ఆటోమేటిక్ రైఫిలా: ఏళ్ల తరబడి మన్నేదాన్ని ఎలా గుర్తించాలి?

కావలిలో పుట్టి, ఇప్పుడు మిషిగన్‌లో కార్ల పరిశ్రమలో ఇంజినీరుగా ఉన్న మీరు రెండు విషయాలు అడిగారు. మీ సహోద్యోగి ఒకరు తన తండ్రి వాడిన రెండు రెమింగ్టన్ రైఫిళ్లలో ఒకదాన్ని అమ్ముతానంటున్నారు. ఒకటి 760 పంపు యాక్షన్, అంటే గొట్టం కింద ఎడమ చేత్తో పట్టుకునే ఫోరెండును వెనక్కీ ముందుకీ ఆడిస్తే తరువాతి తూటా ఎక్కేది. రెండోది 742 సెమీ ఆటోమేటిక్, అంటే పేలిన ప్రతిసారీ తరువాతి తూటాను తానే ఎక్కించుకునేది. రెండూ .30-06 తూటా పేల్చేవే, ధర కూడా దాదాపు సమానమే. మీ ఊరి దుకాణంలో ఈ రెండింటికంటే బాగా ఖరీదైన బ్రౌనింగ్ బార్ (బీఏఆర్, అదీ సెమీ ఆటోమేటిక్ రైఫిలే) ఒకటి ఉంది. ఇరవై ఏళ్లు జింకల వేటకు వాడుకుని, ఆ తరువాత మీ అబ్బాయికి ఇవ్వదగినది ఏది అన్నది మొదటి ప్రశ్న. వింజమూరు దగ్గర పొలం ఉన్న మీ మేనమామ గారు పంట కాపలాకు పంపు యాక్షన్ 12 బోరు తుపాకీ కొనాలనుకుంటున్నారు, అది మన్నుతుందా అన్నది రెండోది.

నేను సైన్యంలో, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. తరువాత కొన్నేళ్లు పెన్సిల్వేనియాలో మా అమ్మాయి దగ్గర ఉంటూ, అక్కడి తుపాకుల మరమ్మతు దుకాణంలో పని చేశాను. ఇప్పుడు ఉదయగిరిలో ఉంటున్నాను. మీరు చెప్పిన మూడు రైఫిళ్లనూ చేత్తో విప్పి, తుడిచి, బిగించినవాడిని కనుక కొంత వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, ఛాంబర్ (గొట్టం వెనుక కొసన తూటా కూర్చునే గది) శుభ్రంగా ఉంటే 760 తీసుకోండి. 742ను రిసీవర్ (గొట్టం వెనుక, యంత్ర భాగాలన్నీ ఇమిడి ఉండే ఉక్కు బాడీ) లోపలి భాగం చూడకుండా ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. బార్ మంచి రైఫిలే, కానీ దాన్ని విప్పి శుభ్రం చేయగల మనిషి మీకు దగ్గరలో ఉంటేనే ఆ డబ్బుకు అర్థం ఉంటుంది. ఈ తీర్పు వెనుక ఉన్న లెక్కను మీరు గ్రహిస్తే, రేపు వేరే మోడల్ ఎదురైనా ఇంకొకరిని అడగవలసిన పని ఉండదు.

ముందుగా సాక్ష్యం సంగతి. “మా నాన్న నలభై ఏళ్లు వాడాడు, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు” అనే మాట అమెరికాలో ప్రతి పాత రైఫిల్‌తో పాటూ వస్తుంది. ఆ మాట చెప్పేవారు అబద్ధం ఆడుతున్నారని కాదు. జింకల వేటగాడు సీజనుకు ముందు గురి సరిచూసుకోవడానికి కొన్ని, వేటలో ఒకటో రెండో తూటాలు కాలుస్తాడు. ఏడాదికి 20 తూటాల పెట్టె ఒకటి ఖర్చయిందనుకున్నా, నలభై ఏళ్లకు 800 తూటాలు. మేము సైన్యంలో చూసిన రైఫిళ్లు వేల తూటాలు కాల్చి, ఆపైన మా దగ్గరకు మరమ్మతుకు వచ్చేవి. అందువల్ల నలభై ఏళ్ల అనుభవం అంటే నలభై ఏళ్ల అరుగుదల అనుకోకూడదు. ఆ రైఫిల్ నలభై చలికాలాలు, నలభై వేసవులు అల్మారాలో గడిపిందని మాత్రం దానికి అర్థం, ఆ విషయానికి వేరే విలువ ఉంది, దాని దగ్గరకు తరువాత వస్తాను.

కొనేముందు కాల్చి చూస్తే సరిపోదా అంటారేమో. మీరు ఇంజినీరు కనుక ఈ లెక్క తెలిసే ఉంటుంది. ఏ ఆటంకమూ లేకుండా 60 తూటాలు పేలితే, నూటికి 95 పాళ్ల నమ్మకంతో మనం చెప్పగలిగేది వైఫల్యం నూటికి 5 లోపు ఉంటుందని మాత్రమే. నూటికి 1 లోపు అని చెప్పాలంటే 300 తూటాలు వరుసగా పేలాలి. ఒక్కో .30-06 తూటా ఖరీదు, దాని తన్నుకు భుజం పడే బాధ కలిపి చూసుకుంటే ఆ పరీక్ష ఎవరూ చేయరు. అందుకే వేట రైఫిల్ విషయంలో కాల్చి చూడడం కంటే విప్పి చూడడమే ఎక్కువ చెబుతుంది.

760 మన్నికకు పేరు రావడంలో పెన్సిల్వేనియా చట్టం పాత్ర కూడా ఉంది. ఆ రాష్ట్రంలో జింకల వంటి పెద్ద జంతువుల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను దశాబ్దాల పాటు అనుమతించలేదు. తొందరగా రెండో తూటా కావాలనుకున్నవారు పంపు రైఫిల్ వైపు వెళ్లారు. ఆధునిక యంత్రాలకు దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ వర్గం పేరుతో అక్కడ 760ని సరదాగా ‘ఆమిష్ మెషిన్ గన్’ అంటారు. మా దుకాణానికి ఆ రైఫిళ్లు అంతగా వచ్చాయంటే అవి చెడిపోతాయని కాదు, ఊరినిండా అవే ఉన్నాయని. కనుక ఎక్కడో చదివిన ఫిర్యాదుల సంఖ్యను బట్టి గానీ, ఫిర్యాదులు లేకపోవడాన్ని బట్టి గానీ మోడల్‌ను అంచనా వేయకండి.

అసలు చూడవలసింది ఇది. తూటా పేలిన ప్రతిసారీ లోపల కొన్ని భాగాలు దెబ్బ తింటాయి. ఆ దెబ్బ ఏ భాగం మీద పడుతోంది, ఆ భాగం అరిగితే మార్చగలమా లేదా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఆ రైఫిల్ ఆయుష్షు సగానికి పైగా తేలిపోయినట్టే. మన బోరు మోటారులో బుష్ అరిగితే మెకానిక్ వచ్చి బుష్ మార్చి వెళ్తాడు, బాడీయే పగిలితే మోటారును ఇనుముకు వేయడం తప్ప చేయగలిగింది లేదు. రైఫిల్‌లో ఆ బాడీ స్థానం రిసీవర్‌ది. అమెరికా చట్టం దృష్టిలో కూడా వరుస సంఖ్య ఉన్న రిసీవరే తుపాకీ, మిగతావన్నీ విడిభాగాలు. రిసీవర్ మార్చడమంటే కొత్త తుపాకీ కొనడమే.

742 కష్టం సరిగ్గా అక్కడే ఉంది. రెమింగ్టన్ 1955లో 740ని, 1960లో 742ను తెచ్చింది. తూటా పేలినప్పుడు గొట్టంలోని చిన్న రంధ్రం నుంచి కొంత గ్యాస్ కిందికి వచ్చి, ఫోరెండు లోపల ఉన్న బరువైన ఉక్కు తొడుగును వెనక్కి నెడుతుంది. ఆ తొడుగుకు ఉన్న కడ్డీలు బోల్టును, అంటే ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే ఉక్కు భాగాన్ని, మోసే క్యారియర్‌ను వెనక్కి తోస్తాయి, బోల్టు తల తిరిగి గొట్టం వెనుక కొసలోని గాడుల నుంచి విడిపోతుంది. ఆ బోల్టు తల చుట్టూ స్క్రూ మరల్లా అనేక చిన్న చిన్న లగ్గులు, అంటే తాళం పట్టే పళ్లు, ఉంటాయి. తాళం పడినప్పుడు అవి బాగానే పట్టుకుంటాయి, అక్కడ లోపం లేదు. విడిపోయి వేగంగా వెనక్కి వెళ్లేటప్పుడు, మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు బోల్టు తల కాస్త అటూ ఇటూ అదురుతుంది. అప్పుడు ఆ లగ్గుల పదునైన అంచులు రిసీవర్ లోపలి గోడల మీద బోల్టుకు దారి చూపే పట్టాలను కొడతాయి. ఉలితో కొట్టినట్టు ఒక్కో తూటాకూ ఒక్కో చిన్న గాటు లోతవుతుంది. గాట్లు ఒక స్థాయికి చేరాక బోల్టు వాటిలో చిక్కుకుని, వెనకే ఉండిపోతుంది లేదా ముందుకు వచ్చినా పూర్తిగా తిరగదు. దాన్ని వెల్డింగ్ చేసి సానపెట్టినవారిని చూశాను, అది నిలవలేదు. నా దృష్టిలో దానికి మరమ్మతు లేదు. అమెరికా వేటగాళ్లు ఆ రైఫిల్‌కు ‘జామొమాటిక్’ అని పేరు పెట్టడానికి ఇది ప్రధాన కారణం.

చూడడం కష్టమేమీ కాదు. తూటాలు పెట్టే మ్యాగజీన్ తీసివేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకుని, బోల్టును వెనక్కి లాగి పట్టుకోండి. ఖాళీ తూటా బయటికి వచ్చే కిటికీలో నుంచీ, కింద మ్యాగజీన్ ఉండే సందులో నుంచీ సన్నని టార్చి వేసి, గొట్టం కొస రిసీవర్‌లో కలిసే చోటికి సరిగ్గా వెనుక ఉన్న పట్టాలను రెండు వైపులా చూడండి. నల్లని రంగు పోయి ఉక్కు మెరుస్తూ నున్నగా ఉంటే అది మామూలు రాపిడి. పట్టా అంచున వరుసగా దువ్వెన పళ్లలాంటి నొక్కులు కనిపించినా, వేలిగోరును దాని మీద జరిపినప్పుడు అక్కడక్కడా తగిలి ఆగినా, లోహం ఒక పక్కకు ఒరిగి చిన్న పెదవిలా లేచినా ఆ రైఫిల్‌ను తిరిగి బల్ల మీద పెట్టేయండి. టార్చి వేయడానికి అమ్మేవారు ఇష్టపడకపోతే అదే మీకు జవాబు.

742కు మరో ఇబ్బంది, గ్యాస్‌ను తగ్గించుకునే ఏర్పాటు లేకపోవడం. మన సైన్యం ఏళ్ల తరబడి వాడిన 7.62 ఎస్‌ఎల్‌ఆర్‌కు గొట్టం మీద గ్యాస్ రెగ్యులేటర్ ఉండేది. రైఫిల్ సరిగ్గా పనిచేయడానికి చాలినంత గ్యాస్ ఎంతో పట్టుకుని, దాని మీద మరి కొంచెం ఇచ్చి ఆపేవాళ్లం. గ్యాస్ తక్కువైతే బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్లక ఆగిపోతుంది, ఎక్కువైతే ప్రతి భాగాన్నీ సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. 742లో ఒకే రంధ్రం. .30-06లో బులెట్, అంటే తూటా ముందు కొసన ఉండి దూసుకెళ్లే ముక్క, 125 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలత) తేలికపాటి బులెట్ నుంచి 220 గ్రెయిన్ల బరువైన బులెట్ దాకా దొరుకుతాయి, అన్నింటికీ ఆ ఒక్క రంధ్రమే దిక్కు. నెమ్మదిగా మండే మందు నింపిన తూటాల్లో బులెట్ ఆ రంధ్రం దగ్గరకు చేరేసరికి గొట్టంలో ఒత్తిడి ఇంకా ఎక్కువే ఉంటుంది, ఆ అదనపు ఒత్తిడి అంతా యాక్షన్ మీదే, అంటే ఈ కదిలే భాగాల మీదే పడుతుంది. అందువల్ల మధ్యస్థమైన బులెట్‌తో, మామూలు ఫ్యాక్టరీ తూటాలతో నడిచిన 742 నేటికీ బాగుండవచ్చు. ఇంట్లో తూటాలు నింపుకునే ఔత్సాహికుడి చేతిలో పడిన 742 మీద నాకు నమ్మకం లేదు.

1981లో రెమింగ్టన్ 742 స్థానంలో 7400ను తెచ్చినప్పుడు ఆ అనేక చిన్న లగ్గుల స్థానంలో నాలుగు పెద్ద లగ్గులు పెట్టింది. లోపం ఎక్కడుందో కంపెనీకి తెలుసు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 7400 అంతకంటే మేలు, 2006లో వచ్చిన 750 గురించి నా అనుభవం పలచన కనుక దాన్ని వదిలేస్తున్నాను.

ఇక 760. 1952 నుంచి 1981 దాకా తయారైన ఈ రైఫిల్‌లోనూ బోల్టు తల దాదాపు 742దే, అవే చిన్న లగ్గులు. అయినా పట్టాలు అలా తెగవు. కారణం బోల్టును కదిలించేది గ్యాస్ కాదు, మీ ఎడమ చేయి. చేతి వేగం ఎంత తొందరపడినా గ్యాస్ వేగానికి చాలా దూరంలో ఉంటుంది, పైగా తూటా పేలిన క్షణానికీ చేయి కదిలే క్షణానికీ మధ్య గొట్టంలోని ఒత్తిడి పూర్తిగా పోతుంది. ఒకే బోల్టు, రెండు రకాల నడక, రెండు వేర్వేరు ఆయుష్షులు. పంపు మేలా, సెమీ ఆటోమేటిక్ మేలా అనే వాదంలో నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ ఇదే.

పంపు రైఫిల్‌లో అరిగేవి చిన్నవి, బయటివి. ఫోరెండు వదులై గలగలమంటుంది. కొత్తగా చూసేవారు దీన్నే పెద్ద లోపం అనుకుంటారు. 760లో ఫోరెండు గొట్టాన్ని పట్టుకుని ఉండదు, గొట్టం కింద ఉన్న వేరే గొట్టం మీద జారుతుంది, కనుక కొంత కదలిక సహజం, దానివల్ల గురి తప్పదు. మితిమీరితే బిగించుకోవచ్చు. కడ్డీలు వంగి ఉన్నాయా, రెండూ సమంగా కదులుతున్నాయా చూడండి. ఫోరెండును మెల్లగా వెనక్కి లాగుతూ మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే అక్కడ ఆగి టార్చి వేయండి. వేగంగా ఆడిస్తే ఆ పట్టు తెలియదు, అందుకే అమ్మేవారు ఎప్పుడూ వేగంగా ఆడించి చూపిస్తారు.

పంపుకు ఉన్న అసలు బలహీనత మనిషే. కంగారులో ఫోరెండును పూర్తిగా వెనక్కి లాగకముందే ముందుకు తోస్తే ఖాళీ తూటా లోపలే ఉండిపోతుంది, లేదా కొత్త తూటా అందదు. దీన్ని రైఫిల్ లోపంగా చెప్పుకునేవారు చాలామంది. మీరు ఇంతకుముందు పంపు వాడి ఉండకపోతే ఖాళీ రైఫిల్‌తో, డమ్మీ తూటాలతో ఇంట్లో అలవాటు చేసుకోవాలి. మందపాటి చలి చేతితొడుగులు వేసుకుని మరీ చేయండి, మిషిగన్‌లో నవంబరులో మీరు వేటాడేది వాటితోనే.

రెండింటికీ ఉన్న ఉమ్మడి శత్రువు ఛాంబర్ తుప్పు. దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు, నా బల్ల మీదికి వచ్చిన ‘జామ్’ ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మాత్రం అదే. బోల్టు యాక్షన్ రైఫిల్‌లో బోల్టు తీసేస్తే వెనుక నుంచి కడ్డీ నేరుగా వెళ్తుంది. 760, 742, బార్ మూడింటికీ రిసీవర్ వెనుక భాగం మూసుకుని ఉంటుంది, కడ్డీ వెనుక నుంచి దూరదు. అందువల్ల యజమాని గొట్టాన్ని ముందు నుంచి తుడిచి ఊరుకుంటాడు, గొట్టం అద్దంలా ఉంటుంది, ఛాంబర్‌లో మాత్రం ఎన్నడూ బ్రష్ తిరగదు. పేలిన తూటా ఇత్తడి గోడలు ఉబ్బి ఆ తుప్పు గుంటల్లోకి ఒదిగి పట్టుకుంటాయి. గ్యాస్ బలం దాన్ని బయటికి లాగలేకపోతే సెమీ ఆటోమేటిక్ ఆగిపోతుంది, లేదా ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, తూటా అంచును చీల్చుకుని వెళ్లిపోతుంది. పంపులో కనీసం మనిషి బలం కొంత అదనంగా పనికొస్తుంది.

దీన్ని పట్టుకోవాలంటే అమ్మేవారిని ఆ రైఫిల్‌లో కాల్చిన ఖాళీ తూటాలు రెండు మూడు అడిగి తీసుకోండి. వెలుతురులో తిప్పి చూస్తే ఇత్తడి మీద చిన్న చిన్న బొడిపెలు గానీ నిలువు గీతలు గానీ కనిపిస్తాయి, అవి ఛాంబర్ గోడ అచ్చు. అంచు దగ్గర ఎక్స్‌ట్రాక్టర్ పట్టిన చోట లోహం లాగేసినట్టు వంగి ఉందో లేదో కూడా చూడండి. తుప్పు పైపైన ఉంటే మంచి పనివాడు ఛాంబర్‌ను మెరుగుపెట్టి సరిచేయగలడు. నేను చూసిన కొన్ని 742లు ‘పాడైపోయాయి’ అని వచ్చి, ఆ ఒక్క పనితో నడిచాయి, అయితే పట్టాలు బాగున్నవే. లోతైన గుంటలైతే గొట్టం మార్చవలసిందే. వంగే తీగ బ్రష్‌ను ఛాంబర్ కోసమే ప్రత్యేకంగా అమ్ముతారు, ఏ రైఫిల్ కొన్నా అది వెంటనే కొనండి. సైన్యంలో పుల్‌త్రూ (గొట్టం తుడవడానికి గుడ్డ కట్టిన తాడు) లాగించకుండా రైఫిల్‌ను కోతుకు, అంటే ఆయుధాల గదికి, తిరిగి ఇవ్వనిచ్చేవారు కాదు, ఆ అలవాటు ఇంటికి వచ్చిన తరువాత కూడా ఉంచుకోదగినదే.

బ్రౌనింగ్ బార్ సంగతి. 1967లో బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కర్మాగారం నుంచి వచ్చిన వేట రైఫిల్ ఇది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు సైనిక బార్‌తో దీనికి పేరు తప్ప ఏ పోలికా లేదు. గొట్టం కింద నిజమైన పిస్టన్ ఉంటుంది, బోల్టు తలకు ఏడు లగ్గులు. 1993లో మార్క్ 2 వచ్చినప్పుడు గ్యాస్ వ్యవస్థను మెరుగుపరిచారు. ఇందులో వెనక్కి వచ్చే దెబ్బను ఆపడానికి రిసీవర్ వెనుక ఒక బఫర్ ఉంటుంది. అది కాలంతో పాటు గట్టిపడి, పెళుసై, ముక్కలవుతుంది. అయితే అది మార్చగల భాగం, ధర కూడా పెద్దది కాదు. దెబ్బ పడే చోట మార్చదగిన వస్తువు పెట్టడం అంటే ఇదీ. బార్‌కు నా అభ్యంతరం ఒక్కటే. ఫోరెండు విప్పి పిస్టన్ తుడవడం యజమాని చేయగలడు గానీ, అంతకంటే లోపలికి వెళ్తే తిరిగి కూర్చడం అందరి వల్లా కాదు. ముప్పై ఏళ్ల పాటు ఎవరూ విప్పని బార్‌లు చూశాను, పిస్టన్ మీద మసి రాయిలా గట్టిపడి, స్క్రూ డ్రైవర్‌తో గీకితే పొరలుగా ఊడేది. దుకాణంలో ఉన్నది కొనదలిస్తే ముందు ఫోరెండు విప్పి చూపించమని అడగండి.

వించెస్టర్ మోడల్ 100 ఎక్కడైనా తక్కువ ధరకు కనిపిస్తే ఒక్క జాగ్రత్త. 1961 నుంచి 1973 దాకా తయారైన ఆ సెమీ ఆటోమేటిక్‌లో ఫైరింగ్ పిన్ విరిగి, బోల్టు పూర్తిగా తాళం పడకముందే తూటా పేలే ప్రమాదం ఉందని తయారీదారే ప్రకటించి పిన్ను మార్పించుకోమన్నారు. మార్చారో లేదో తేలేదాకా అందులో తూటా పెట్టకూడదు. అది మన్నికకు సంబంధించిన ప్రశ్న కాదు, ప్రాణానికి సంబంధించినది.

విడిభాగాల విషయంలో రెమింగ్టన్ కొనేవారు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ సంస్థ 2018లో, మళ్లీ 2020లో దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది, న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని దాదాపు రెండు శతాబ్దాల నాటి కర్మాగారం 2024లో మూతపడింది. 760 విడిభాగాలు పాత రైఫిళ్లను విప్పి అమ్మేవారి దగ్గర ఇంకా దొరుకుతాయి. ఈ రైఫిల్ ఇరవై ఏళ్లు ఉంచుకోదలచినవారు ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి, ఫైరింగ్ పిన్, దాని స్ప్రింగు, ముఖ్యంగా రెండు మ్యాగజీన్లు ఇప్పుడే కొని పక్కన పెట్టుకోవడం తెలివైన పని. తూటా సరిగ్గా పైకి రాకపోవడానికి మ్యాగజీన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగడం చాలా తరచు కారణం, దాన్ని మాత్రం జనం బోల్టు మీదికి తోసేస్తారు.

హెడ్‌స్పేస్ పరీక్ష, అంటే మూసిన బోల్టుకూ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరాన్ని గేజి అనే కొలత దిమ్మలతో చూడడం, చేయించమని అందరూ చెబుతారు, చేయించండి. ‘గో’ గేజి మీద బోల్టు మూసుకోవాలి, ‘నో-గో’ మీద మూసుకోకూడదు, ‘ఫీల్డ్’ మీద మూసుకుంటే ఆ రైఫిల్ కాల్చకూడదు. వీటి మధ్య తేడా ఎంత సన్నమో తెలియాలంటే, .308 వించెస్టర్ అనే మరో రకం తూటాకు ఆ మూడు గేజిలూ 1.630, 1.634, 1.638 అంగుళాలు. అయితే ఈ పరీక్షలో నెగ్గిన 742 పట్టాలు తెగి కూడా ఉండవచ్చు, ఎందుకంటే తాళం పడేది గొట్టం కొసలో, తెగేది రిసీవర్‌లో. ‘గేజి పాసైంది’ అన్న చీటీ చూసి ధైర్యపడకండి.

ఇప్పుడు అల్మారాలో గడిచిన నలభై ఏళ్ల సంగతి. తక్కువగా కాల్చిన తుపాకులను కాల్పుల కంటే నూనె, తేమ ఎక్కువగా చంపుతాయి. పాత నూనె ఎండి వార్నిష్‌లా అంటుకుంటుంది. వేసవిలో దాన్ని గమనించరు, మిషిగన్ చలిలో అది బోల్టును పట్టేస్తుంది, ఫైరింగ్ పిన్ను నెమ్మదింపజేస్తుంది. సెమీ ఆటోమేటిక్‌కు ఇది మరీ చేటు, ఎందుకంటే దానికి మిగులు బలం తక్కువ. చలికాలానికి ముందు పాత గ్రీజంతా కడిగేసి పలచటి నూనె పూత మాత్రమే ఉంచండి. బయట గడ్డకట్టిన రైఫిల్‌ను నేరుగా వెచ్చని ఇంట్లోకి తెస్తే లోపలా బయటా చెమ్మ పట్టి నీరు కారుతుంది. ఇంటికి వచ్చాక తుడవడం ఒక పూట వాయిదా వేసినా ఛాంబర్‌లో తుప్పు మొదలవుతుంది.

మీ మేనమామ గారి ప్రశ్నకు వస్తాను. మన దేశంలో పిస్టళ్లను మినహాయిస్తే సెమీ ఆటోమేటిక్ తుపాకులు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం సామాన్యులకు లైసెన్సు దొరకని వర్గంలో ఉన్నాయి, ఆ ఆలోచనే అక్కరలేదు. 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న పంపు యాక్షన్ 12 బోరుకు ఆ అడ్డంకి లేదు, తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారం వాటిని తయారు చేసింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం కనుక, వెలిగొండ వైపు నుంచి వచ్చి వేరుశనగ పెకలించే అడవి పందుల మీదికైనా అటవీ శాఖ అనుమతి లేకుండా పేల్చడానికి వీల్లేదు. కాబట్టి ఆయన తుపాకీ ఏడాదిలో నాలుగైదుసార్లు ఆకాశంలోకి పేలే తుపాకీ అవుతుంది. ఆ మాత్రానికి పంపు కంటే రెండు గొట్టాల పాత తరహా తుపాకీయే నేను సిఫారసు చేస్తాను. మడిస్తే గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తుంది, ఎవరైనా తుడవగలరు.

మన జిల్లాలో తుపాకీ మన్నికను తేల్చేది రెండు విషయాలు. ఒకటి సముద్రపు గాలి, ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కావలి, అల్లూరు వైపు గోడలే చెమరుస్తాయి. తోలు సంచిలో, గుడ్డ తొడుగులో పెట్టిన తుపాకీ ఆ మూడు నెలల్లో తుప్పు పట్టకపోతే ఆశ్చర్యం. రెండోది ఎన్నికలు. కోడ్ వచ్చినప్పుడల్లా చాలావరకు లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయమంటారు. ఒకసారి అలా జమ చేసి తెచ్చుకున్న పంపు తుపాకీని ఒక రైతు నా దగ్గరకు తెచ్చారు. జమ చేసే ముందు ఇంట్లో భద్రత కోసమని కొబ్బరినూనె దట్టంగా రాశారట. తూటా గొట్టంలోని స్ప్రింగు మీద నూనె, దుమ్ము కలిసి గోధుమరంగు ముద్దగా పేరుకుని ఉంది. ఫోరెండు సగం దాకా వచ్చి ఆగిపోయేది. కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఖనిజ నూనె పూస్తే బాగైంది, ఒక్క భాగం కూడా మార్చలేదు. జమ చేసే ముందు వంటింటి నూనెలు కాకుండా పలచటి ఖనిజ నూనె రాసి, గొట్టంలోనూ ఛాంబర్‌లోనూ నూనె గుడ్డ లాగి, తుపాకీ స్థితి రసీదులో రాయించుకోమని మీ మేనమామ గారికి చెప్పండి. తిరిగి తీసుకున్న రోజే విప్పి తుడవాలి.

మీ విషయంలో ఒక చట్టపరమైన మాట. మీరు హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉంటే అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా తుపాకీ కలిగి ఉండడాన్ని నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉంటే ఆ నిషేధం వర్తించదు. సహోద్యోగికి డబ్బు ఇచ్చే ముందు ఆ లైసెన్సు చేతిలో ఉండాలి, తరువాత తెచ్చుకుందాం అనుకోకండి.

శనివారం వారింటికి వెళ్లేటప్పుడు సన్నని టార్చి, ఛాంబర్ బ్రష్, శుభ్రమైన తెల్ల గుడ్డలు, రెండు డమ్మీ తూటాలు పట్టుకెళ్లండి. ముందు 760 ఛాంబర్‌లో బ్రష్ తిప్పి, గుడ్డ లాగి చూడండి. నల్లటి మసి వస్తే ఫరవాలేదు. గుడ్డకు ఎర్రటి తుప్పు అంటితే వారిని ఖాళీ తూటాలు అడగండి. వాటి మీద బొడిపెలు లేకపోతే ధర కొంత తగ్గించమని అడిగి తీసుకోండి. 742ను కూడా విప్పి చూడండి, పట్టాలు నున్నగా ఉండి ధర 760లో సగానికి దిగితే రెండో రైఫిల్‌గా తీసుకోవడంలో తప్పు లేదు, అయితే 150 గ్రెయిన్ల మామూలు ఫ్యాక్టరీ తూటాలు తప్ప వేరేవి అందులో వేయకండి. రిసీవర్ లోపలి ఫోటోలు స్పష్టంగా తీసి పంపితే చూసి చెబుతాను, పట్టాల రెండు వైపులా, గొట్టం కొసకు దగ్గరగా, వెలుగు పక్క నుంచి పడేలా తీయండి.